పాచిక ఒకటే – లోకాలు వేరు

(ప్లాటినం జూబిలీ ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళు నిండిన విద్యాలయం తన గతాన్ని స్మరించుకోవడం సంప్రదాయం. గతాన్ని కళ్ళకు కట్టినట్లు చెప్పగల పెద్దలు ఈ సభలో ఎందరో ఉన్నారు. అందువల్ల ఈ ప్రసంగం రేపటి తరగతిగదికి పనికివచ్చే ఒక చిన్న విషయానికి పరిమితమైనది. ఆ విషయం ఒక ఆట. ఆట అనగానే అది ఇటువంటి వేదికకు తగిన అంశమా అన్న సందేహం కలగవచ్చు. కానీ పరాయి నేలమీద పుట్టిన ఆట నియమాలను మరొక కాలానికి, మరొక తరహా కథకు, మరొక సీమకు ఎలా మలచుకోవాలి అన్న ప్రశ్నలో విద్యకు సంబంధించిన పెద్ద ప్రశ్నలే దాగి ఉన్నవి. అరువు తెచ్చుకొన్న విత్తనం మండికల్ మట్టిలో మొలకెత్తాలంటే ఏది మార్చాలి, ఏది మార్చకూడదు? విచారించవలసినది ఇదే.

బెంగళూరులో చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులలో కొందరికి ఈ ఆట పరిచితమే కావచ్చు. దానిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే కథల ఆట అని తెలుగులో చెప్పుకోవచ్చు. నలుగురైదుగురు చేరుతారు. ఒకరు కథానిర్వాహకులు. మిగిలిన వారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరిస్తారు. ప్రతి పాత్రకు ఒక కాగితం ఉంటుంది. పాత్ర పేరు, వృత్తి, దాని బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, మాటనేర్పు దానిమీద అంకెలలో రాసి ఉంటాయి. నిర్వాహకులు సన్నివేశం చెబుతారు: చీకటి పడింది, వాగు పొంగింది, అవతలి గట్టున ఎవరో కేకవేస్తున్నారు, ఇప్పుడేం చేస్తారు? ఒకరు ఈదుతానంటారు, ఒకరు తాడు వెదకుతానంటారు, ఒకరు ఊరివారిని పిలుచుకొని వస్తానంటారు. చేయదలచిన పని సందేహాస్పదమైనపుడు పాచిక వేస్తారు. పడిన అంకెకు పాత్ర నేర్పును కూడుతారు. ఆ మొత్తం నిర్వాహకులు నిర్ణయించిన కష్టపు అంకెను అందుకొంటే పని నెరవేరినట్లు, లేకుంటే కథ మరొక మలుపు తిరిగినట్లు. ఇందులో ఒకరు గెలిచి మరొకరు ఓడడం సాధారణంగా ఉండదు. అందరూ కలిసి ఒక కథను ముందుకు నడుపుతారు.

ఈ ఆట పుట్టుకే ఒక మార్పిడి కథ. ప్రష్యా సైన్యంలో యువ అధికారి రైస్‌విట్జ్ 1824లో యుద్ధవిద్య నేర్పడానికి పటాలు, పాచికలు, ఒక మధ్యవర్తి కలిగిన క్రీడను ప్రచురించాడు. అటువంటి యుద్ధక్రీడలు తరువాతి కాలంలో కాలక్షేపపు ఆటలుగా మారాయి. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనేవారు మధ్యయుగపు పోరాటాలకు చైన్‌మెయిల్ అనే నియమాల పుస్తకం వెలువరించారు. దానిలో మాంత్రికులకు, డ్రాగన్లకు సంబంధించిన అనుబంధం కూడా ఉన్నది. మినసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ ఆ నియమాలను తీసుకొని, ఒక్కొక్క ఆటగాడు సైన్యాన్ని కాక ఒక్కొక్క మనిషిని నడిపే విధంగా మలిచాడు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ప్రచురించారు. మొదటి ముద్రణ వేయి ప్రతులు. సైన్యాన్ని లెక్కించే ఆట మనిషిని లెక్కించే ఆటగా మారడంతో ఒక కొత్త క్రీడాజాతియే అవతరించినది.

నియమాలతో కూడిన ఇటువంటి వాక్క్రీడ తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానం చూడండి. నడుమ అవధాని, చుట్టూ పృచ్ఛకులు. ఒకరిది సమస్య, ఒకరిది దత్తపది, ఒకరిది నిషిద్ధాక్షరి, మరొకరిది అప్రస్తుత ప్రసంగం. ఎవరి పాత్ర వారికి నిర్ణయమై ఉంటుంది, ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ ముందుగా తెలియదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ ప్రక్రియకు కోలారులో జన్మించిన శతావధాని ఆర్. గణేశ్ కన్నడంలో నూతన వైభవం కల్పించారు. ఆ మార్పిడిలో గమనింపదగిన సూక్ష్మం ఒకటి కలదు. తెలుగు పద్యానికి యతిమైత్రి తప్పనిసరి, కన్నడ పద్యానికి ఆ నిర్బంధం లేదు. ప్రాస మాత్రం రెండింటికీ ఉన్నది. కనుక తెలుగు పద్యపు యతి తెలుగులోనే నిలిచిపోయినది, పృచ్ఛకుడు అడ్డు తగలడం, అవధాని ధారణ చేయడం అనే ఆట నియమాలు ఎల్ల దాటి వెళ్ళినవి. చిత్రకవిత్వం, కావ్యవాచనం వంటి అంశాలు అక్కడ చోటు చేసుకొన్నవి. భాషకు చెందిన నియమం వేరు, క్రీడకు చెందిన నియమం వేరు అని దీనివల్ల తెలుస్తున్నది.

బుర్రకథ మరొక ఉదాహరణ. నడుమ తంబురతో కథకుడు, ఒక ప్రక్క హాస్యం, మరొక ప్రక్క రాజకీయం. జంగం కథల నుండి వచ్చిన ఈ అమరికను 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు రైతు కష్టాలకు, దేశభక్తి గాథలకు వినియోగించారు. షేక్ నాజర్ వంటి కళాకారులు దానికి అపార కీర్తి తెచ్చారు. తంబుర మారలేదు, వంతపాట మారలేదు, కథ ఎవరి పక్షాన నిలుస్తుందో అది మారినది.

ఇక పాశ్చాత్య దేశాలలోని కథల ఆట ఎలా రూపాలు మార్చుకొన్నదో సంగ్రహంగా చూద్దాం. 1977లో ట్రావెలర్ అనే ఆట అంతరిక్ష యానాన్ని బల్లమీదికి తెచ్చినది. 1978లో వెలువడిన రూన్‌క్వెస్ట్ అనే ప్రాచీన వీరగాథల ఆట నుండి సారం తీసి 1980లో బేసిక్ రోల్‌ప్లేయింగ్ అనే చిన్న పుస్తకం ప్రచురించారు. ఆ నియమాల మీదనే శాండీ పీటర్సన్ 1981లో కాల్ ఆఫ్ క్తుల్హూ అనే భయానక కథల ఆటను నిర్మించాడు. 1986లో వచ్చిన గర్ప్స్ ఏ కాలానికైనా, ఏ లోకానికైనా ఒకే నియమావళి అన్న సంకల్పంతో రూపొందినది. 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడవ కూర్పు వెలువడినపుడు, దాని మూల నియమాలను ఇతరులు కూడా వాడుకొనేందుకు బహిరంగ అనుమతి ఇచ్చారు. ఆ ఇరవై ముఖాల పాచిక నియమాలనే వర్తమాన కాలానికి మలచి 2002లో డీ-20 మోడరన్ అనే గ్రంథం తెచ్చారు. దానిని భవిష్యత్తుకు అన్వయిస్తూ 2004లో ఒక అనుబంధం, గతానికి అన్వయిస్తూ 2005లో మరొక అనుబంధం వచ్చినవి.

ఈ డీ-20 మోడరన్ ఇక్కడి చర్చకు చక్కని ఆధారం. ఏలనగా అది రాజులను, మాంత్రికులను వదలి, నేటి లోకంలోని మనుషులతో మొదలవుతుంది. పాత్రలు ఆరు తరగతులు: బలవంతుడు, చురుకైనవాడు, ఓర్పుగలవాడు, తెలివిగలవాడు, నిష్ఠగలవాడు, ఆకర్షణగలవాడు. ప్రతి పాత్రకు కథ మొదలయ్యే నాటికి ఒక వృత్తి ఉంటుంది. డబ్బును పైసలలో లెక్కించరు, సంపన్నతను ఒకే అంకెగా సూచిస్తారు. పెద్ద వస్తువు కొంటే ఆ అంకె తగ్గుతుంది. ఇటువంటి నియమావళిని చేతబట్టుకొని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమల కథలు ఆడించదలచిన ఉపాధ్యాయురాలు ఏం చేయవలసి ఉంటుంది? పేర్లు మార్చితే చాలునా? న్యూయార్కును తీసి గుడిబండ అని, తుపాకీని తీసి కొడవలి అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఈ ఆట దేనిని లెక్కిస్తున్నది? ఆట ఏది లెక్కిస్తే ఆటగాడి మనస్సు దానిమీదనే నిలుస్తుంది. తొలినాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో సంపాదించిన బంగారానికి, చంపిన జంతువులకు అనుభవపు మార్కులు వచ్చేవి. అందువల్ల ఆటగాళ్ళు బంగారం వెదికారు, జంతువులను చంపారు. కాల్ ఆఫ్ క్తుల్హూ ఆ మూల నియమాలకు మనఃస్థైర్యం అనే ఒక కొత్త అంకెను చేర్చినది. దాగిన ఘోర రహస్యం ఎంత ఎక్కువగా తెలిస్తే ఆ అంకె అంత తరుగుతుంది. ఒక్క అంకె చేరడంతో వీరుల ఆట భయస్థుల ఆటగా మారినది. తలుపు తెరవడానికి కూడా ఆటగాళ్ళు సంకోచించసాగారు. కథాప్రపంచం మారినదనడానికి గుర్తు వర్ణనలు కావు, లెక్క మారడమే గుర్తు.

మరి ఈ సీమలో లెక్కించవలసినది ఏది? సమాధానం వెదకనక్కరలేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నంది కొండల పరిసరాలలో పుట్టి దిగువకు సాగిపోతున్నవి. నదుల పుట్టిల్లయిన ఈ సీమలో సంవత్సరం పొడుగునా పారే నది మాత్రం లేదు. పూర్వులు చెరువులు తవ్వి బ్రతికారు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంత నీరు వదలాలో చూసే నీరుగంటి ఊరికి ముఖ్యుడు. తరువాత బోరుబావులు వచ్చినవి. అవి వెయ్యి అడుగులు దాటి లోతుకు పోయినవి. ఆ లోతు నీటిలో ఫ్లోరైడు కనిపించినది. ఇటీవలి సంవత్సరాలలో బెంగళూరు వాడిన నీటిని శుద్ధిచేసి హెబ్బాళ–నాగవార లోయ నుండి ఇక్కడి చెరువులకు ఎత్తిపోసే పథకం వచ్చినది. చెరువు నిండిందని సంతోషించేవారు ఉన్నారు, ఆ నీరు ఎంత శుభ్రమైనదని అడిగేవారు కూడా ఉన్నారు.

కనుక ఈ సీమ కథల ఆటలో సంపన్నత అంకెకు బదులు నీటి అంకె ఉండాలి. అయితే మరొక మార్పు కూడా అవసరం. సంపన్నత ఎవరి కాగితం మీద వారికి ఉంటుంది. నీరు అలా ఉండరాదు. నీటి అంకె బల్ల నడుమ ఒకే కాగితం మీద, అందరి ఎదుట ఉండాలి. ఒక పాత్ర బోరు వేయించుకొంటే ఆ పాత్ర పంట పెరుగుతుంది, నడుమ ఉన్న అంకె తరుగుతుంది. పూడిక తీయడానికి నలుగురు పాత్రలు ఒక రోజు కూలి వదలుకొంటే ఆ అంకె పెరుగుతుంది. ఒకరు లాభపడగా తరిగిన అంకెను అయిదుగురు పిల్లలు కళ్ళారా చూస్తారు. భూగర్భజలం ఉమ్మడి ఆస్తి అన్న పాఠాన్ని పుస్తకంలో చదివి పరీక్షలో రాయడం ఒకటి, తన ఎత్తు వల్ల స్నేహితురాలి మడి ఎండినప్పుడు ఆమె ముఖం చూడవలసిరావడం మరొకటి. ఈ రెండవది మరచిపోవడం కష్టం.

అదే నియమావళిని పాళెగాండ్ర కాలానికి తీసుకుపోతే? గుడిబండ కొండపై కోట ఉన్నది, రాతిలో వాననీరు నిలిచే దొనలు ఉన్నవి. కోటను ముట్టడించిన కథ ఆడించినా కత్తుల లెక్క కంటే దొనలలోని నీటి లెక్కే ఆట కాలాన్ని నిర్ణయిస్తుంది. కాలం మారినా, కథ తరహా మారినా, ఈ నేలకు చెందిన లెక్క మారలేదు. ఇటువంటి లెక్కను పట్టుకొన్నప్పుడే ఆట ఊరిది అవుతుంది.

రెండవ ప్రశ్న: ఈ ఆట ఎవరికి పని కల్పిస్తున్నది? చింతామణి తాలూకాలోని కైవారమే మహాభారతంలోని ఏకచక్రపురమని, భీముడు బకాసురుని వధించినది అక్కడేనని ఈ ప్రాంతీయుల నమ్మకం. ఈ కథను ఆటగా మలచాలని ఎవరికైనా తోస్తుంది. నియమ పుస్తకం తెరిస్తే పోరాటానికి పేజీలకొద్దీ నియమాలు సిద్ధంగా ఉన్నవి. భీముని బలం ఇంత, బకుని బలం ఇంత, పాచిక వేయండి. కానీ అలా ఆడితే భీముని పాత్ర ధరించిన ఒక్క బాలునికే పని. మిగిలిన నలుగురు చూస్తూ కూర్చోవలసినదే.

మూలకథను మరొకసారి చదివితే దాని ప్రాణం పోరాటంలో లేదని తెలుస్తుంది. బకుని వంతు ఆ పేద విప్రుని ఇంటికి వచ్చినది. తండ్రి నేను పోతానంటాడు. తల్లి కాదు నేను పోతానంటుంది. కూతురు నేను పోతే మీరంతా మిగులుతారంటుంది. మాటలు కూడా సరిగా రాని పసివాడు గడ్డిపోచ పట్టుకొని దీనితో రాక్షసుణ్ణి చంపుతానంటాడు. కుంతి ఈ రోదన విని తన కుమారుని పంపడానికి నిశ్చయిస్తుంది. అది తెలిసి ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు. ఇక్కడ ప్రతి పాత్రకు చెప్పవలసిన మాట ఉన్నది. ప్రతి మాటలో ప్రాణం పణంగా ఉన్నది. ఈ ఘట్టాన్ని ఆటగా మలిచే ఉపాధ్యాయురాలు పోరాటపు నియమాలను ఒక్క పాచికకు కుదించి, మాటనేర్పుకు, వివేకానికి, నిష్ఠకు సంబంధించిన నియమాలను విస్తరించాలి. అప్పుడు తరగతిలో వెనుక వరుసలో కూర్చుని ఎన్నడూ నోరు విప్పని బాలిక కూడా, పసివాని పాత్రలో గడ్డిపోచ పట్టుకొని ఒక్క వాక్యం చెబుతుంది. ఒక ఏడాది ప్రశ్నోత్తరాలలో రాని వాక్యం అలా వస్తే అదే ఆట సాధించిన ఫలం.

వృత్తుల విషయంలోనూ ఇదే సూత్రం. పుస్తకంలోని వృత్తుల పట్టికలో పోలీసు, సైనికుడు, పరిశోధకుడు ఉంటారు. ఇక్కడి పట్టికలో రైతు, గొర్రెలకాపరి, నీరుగంటి, పట్టుపురుగులు పెంచే ఇల్లాలు, పాలు సేకరించే డెయిరీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, బస్సు కండక్టరు ఉండాలి. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క ప్రత్యేక నేర్పు ఇవ్వాలి. మల్బరీ ఆకు వాడిందో లేదో చూపుతో చెప్పగల నేర్పును అంకెగా రాసిననాడు, ఆ ఇంటి పిల్లవాడు తన తల్లి పనిని విద్యగా గుర్తిస్తాడు.

మూడవ ప్రశ్న: ఈ ఆట దేనిని పాచికకు వదలుతున్నది? ఇది అన్నింటికంటే సున్నితమైనది. పాచికకే ఒక స్వభావం ఉన్నది. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడడానికి, పది పడడానికి, ఇరవై పడడానికి అవకాశం సమానం, నూటికి అయిదు వంతులు. అద్భుతాలు, ఘోర వైఫల్యాలు తరచుగా జరిగే లోకం అది. గర్ప్స్‌లో వలె ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తే 216 విధాలలో పది పడే విధాలు 27, మూడు పడేది ఒక్క విధం మాత్రమే. అది మధ్యమార్గపు లోకం. ఇక అష్టాచెమ్మాకు వాడే విధంగా చింతగింజలను అరగదీసి నాలుగు బద్దలు వేస్తే, రెండు వైపులా సమానంగా పడతాయనుకొంటే, 16 విధాలలో రెండు తెలుపులు పడేవి 6, నాలుగూ తెలుపు పడేది 1. అనుభవజ్ఞుడైన రైతు దున్నకం వంటి పనికి చింతబద్దలు తగినవి, తొలకరి వస్తుందో రాదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక తగినది. బద్దలు నిజంగా సమానంగా పడుతున్నవో లేదో తెలుసుకోవడానికి నూరుసార్లు వేసి పట్టిక రాయమంటే, ఎనిమిదవ తరగతి గణితం ఆటలోనే పూర్తవుతుంది. ఇరవై ముఖాల పాచిక దొరకని చోట ఒకటి నుండి ఇరవై వరకు చీటీలు రాసి డబ్బాలో వేసినా చాలు. ప్రతిసారి తీసిన చీటీని తిరిగి వేయడం మరవకూడదు.

కానీ పాచికకు ఎన్నటికీ వదలకూడనివి కొన్ని ఉన్నవి. గౌరీబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న ధ్వజ సత్యాగ్రహానికై గుమికూడిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఈ సీమ రాసిన పుట అది. దానిని ఆటగా మలచవచ్చునా? గుండు ఎవరికి తగిలిందో పాచిక వేసి తేల్చడం అపచారం. ఆ అమరుల మరణం జరిగిపోయిన సత్యం, దానిని మార్చే హక్కు ఆటకు లేదు. అయితే ఆ మరునాటి కథను ఆడవచ్చు. వార్త ఊరూరికి ఎలా చేరింది, ఎవరు ఎవరిని దాచారు, భయపడిన తండ్రికి కుమార్తె ఏం చెప్పింది, వీటిని పిల్లలు ఊహించి, మాట్లాడి, తర్కించవచ్చు. చరిత్ర స్థిరం, చరిత్ర ఎదుట నిలిచిన మనిషి నిర్ణయం ఒక్కటే ఆటకు లోబడినది. గతకాలపు కథలను మలిచే ప్రతివారూ ఈ హద్దును గీసుకోవాలి.

పాచిక అనగానే జూదం అనే భయం పెద్దలకు సహజం. మాయాద్యూతంలో ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ములను, చివరకు ద్రౌపదిని ఒడ్డిన కథ విని పెరిగిన జాతి ఇది. అమెరికాలో సైతం 1980లలో ఈ ఆట పిల్లలను చెడగొడుతుందని పెద్ద ఆందోళన చెలరేగినది. జూదంలో పణం ఉంటుంది, ఒకరి నష్టం మరొకరి లాభం అవుతుంది. ఇక్కడ పణం లేదు, లాభం పంచుకొనే కథ ఒక్కటే. అయినా తల్లిదండ్రుల శంకను త్రోసివేయరాదు. వారిని ఒక సాయంకాలం తరగతికి పిలిచి ఒక పాత్ర ఇచ్చి కూర్చోబెట్టడమే సరైన సమాధానం. పూర్వం నీరుగంటి పని చేసిన తాతగారు బల్ల దగ్గర కూర్చొంటే, తూము నియమాలను ఉపాధ్యాయురాలికే ఆయన దిద్దిపెట్టగలరు.

పరాయివారి పుస్తకాన్ని వాడుకోవడం న్యాయమేనా అని అడిగేవారు ఉండవచ్చు. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ సంస్థ పాత బహిరంగ అనుమతిని మార్చదలచగా ఆటగాళ్ళ నుండి తీవ్ర నిరసన వచ్చినది. ఆ సంస్థ ఆలోచన విరమించుకొని, అయిదవ కూర్పు మూల నియమాల పాఠాన్ని క్రియేటివ్ కామన్స్ అనుమతి క్రింద విడుదల చేసినది. మూలాన్ని పేర్కొంటే ఎవరైనా దానిని వాడవచ్చు, మార్చవచ్చు, అనువదించవచ్చు. కనుక తెలుగులో ఒక చిన్న నియమపుస్తకం రాసుకోవడానికి అడ్డంకి లేదు. కావలసిన ఖర్చు కాగితాలకు, పెన్సిళ్ళకు సరిపడేంత.

ఇక మిగిలినది భాష. ఈ ఆటకు పరికరం పాచిక కాదు, మాట. మాట రానిదే ఒక్క ఎత్తు కూడా వేయలేరు. ఈ సీమ పిల్లల ఇంటి తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది. కైవారం తాతయ్యగా పూజలందుకొంటున్న యోగి నారేయణులు తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. రెండు భాషల నడుమ జీవించడం ఇక్కడ లోపం కాదు, వారసత్వం. ఆటలో కండక్టరు పాత్ర కన్నడంలో పిలిస్తే, అవ్వ పాత్ర తెలుగులో బదులిస్తుంది. తాలూకా కచేరిలో అర్జీ కన్నడంలో రాయాలి, ఇంట్లో దాని భావం తెలుగులో చెప్పాలి. పిల్లలు రోజూ చేస్తున్న ఈ పనికి ఆటలో ఒక నేర్పుగా అంకె దొరుకుతుంది. పరీక్షలో తెలుగు మార్కుల కోసం కాక, స్నేహితుని మడికి నీరు తేవడం కోసం తెలుగులో వాదించిన పిల్లవాడికి ఆ భాష పరాయిది కాజాలదు. ఎల్లకు ఈవలి తెలుగు మాధ్యమం భవిష్యత్తు ప్రభుత్వ ఉత్తర్వుల మీద ఎంత ఆధారపడి ఉన్నదో, పిల్లలకు ఆ భాషలో చేయవలసిన ముఖ్యమైన పని ఏమైనా మిగిలి ఉన్నదా అన్నదానిమీద కూడా అంతే ఆధారపడి ఉన్నది.

2020 జాతీయ విద్యావిధానం కథల ద్వారా, అనుభవం ద్వారా బోధనను ప్రోత్సహించినది. ఆ ఆశయాన్ని తరగతిగదికి తేవడానికి వారానికి ఒక గంట, ఒక డబ్బాలో ఇరవై చీటీలు, నాలుగు చింతబద్దలు చాలును. మొదట ఉపాధ్యాయులు ఒక ఊరిని, ఒక చెరువును, ఒక కరవు సంవత్సరాన్ని కల్పించి ఆడించాలి. తరువాత పిల్లలే తమ తమ ఊళ్ళ పటాలు గీసి, ఏది లెక్కించాలో, ఎవరికి పని ఉండాలో, దేనిని పాచికకు వదలరాదో తామే నిర్ణయించాలి. నియమాన్ని పాటించడం విద్యలో మొదటి మెట్టు. నియమాన్ని ఎందుకు పెట్టారో గ్రహించి, తన నేలకు తగినట్లు దిద్దుకోగలగడం పై మెట్టు. ఆ మెట్టు ఎక్కిన విద్యార్థి పెద్దవాడై పంచాయతీలో కూర్చున్నా, బ్యాంకులో కూర్చున్నా, పొలం గట్టున నిలిచినా, పైనుండి వచ్చిన నియమాన్ని చూసి ఇది ఎవరికి మేలు చేస్తున్నది, దేనిని లెక్కలోకి తీసుకోలేదు అని అడుగుతాడు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. విరాళాలు మీ ఉదారతకు నిదర్శనాలు, వాటికి కృతజ్ఞతలు. వాటితో పాటు మీ ఊరి చెరువు పేరు, దాని తూముల పేర్లు, మరవ పారిన సంవత్సరాలు, మీ ఇంటి వృత్తిలోని నేర్పులు, మీ అవ్వ చెప్పిన కథలు కాగితం మీద రాసి పాఠశాలకు పంపండి. పిల్లల ఆటకు కావలసిన లోకం వాటిలోనే ఉన్నది. పాచికను ఎక్కడినుండైనా తెచ్చుకోవచ్చు, ఈ లోకాన్ని మాత్రం మీరే ఇవ్వాలి.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.